పండగలు లేని ఏడాది

(కార్తీక మాసంలో మోరిస్‌విల్‌లో సభ్య కుటుంబాల సమావేశంలో చదివిన ప్రసంగ పాఠం)

  భోజనాలకి ఇంకా ముప్పావుగంట పడుతుందని వంటింట్లోంచి కబురొచ్చింది కాబట్టి మేం అరగంటలో ముగిస్తాం.

మమ్మల్ని మాట్లాడమన్నప్పుడు మొదట వద్దన్నాం. మేమేమీ ఉపన్యాసాలిచ్చేవాళ్ళం కాదు. కానీ ఈ ఏడాదిలో మాకు తెలిసిన నాలుగైదు ఇళ్ళల్లో ఇండియాలో ఉన్న పెద్దవాళ్ళు పోయారు. ప్రతి ఇంటినుంచీ మాకు ఫోను వచ్చింది. “మీరప్పుడేం చేశారండీ?” అని. గుడికి రావచ్చా, ఇంట్లో దీపం పెట్టచ్చా, పిల్లల్ని బర్త్‌డే పార్టీలకి పంపచ్చా, మొదలుపెట్టిన రిపేరు పని ఆపెయ్యాలా? ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే ఇక్కడ కలిపి చెప్పడమే నయమనిపించింది.

శాస్త్రం చెప్పే అర్హత మాకు లేదు. దానికి పురోహితులున్నారు, ఇంటింటికీ ఒక ఆనవాయితీ ఉంది. మా ఇంట్లో ఏం జరిగిందో, అందులో మాకేది అక్కరకొచ్చిందో అంతవరకే చెప్తాం. ఇది ఇద్దరం కలిసి రాసుకున్నది, చదివేది ఒకరం. పోయినాయన మాలో ఒకరికి నాన్న, ఒకరికి మామగారు. పెళ్ళైన కొత్తలోనే “మామయ్యగారూ అనకమ్మా, నాన్నా అను చాలు” అన్నారు. అప్పట్నుంచీ ఇద్దరికీ నాన్నగారే.

మీలో చాలామంది ఆయన్ని చూసే ఉంటారు. తెనాలి. విద్యుత్ శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుగా 2006లో రిటైరయ్యారు. అప్పట్నుంచీ అమ్మతో కలిసి ఆరుసార్లు వచ్చారు. పొద్దున్నే తెల్ల చొక్కా, మంకీ క్యాపు, చేతిలో కర్ర. ఇండియన్ క్రీక్ గ్రీన్‌వే మీద తిరిగే తాతయ్యల జట్టుకి ఆయనే టైంకీపరు. ఆ దారికి ఆ పేరు మన కోసమే పెట్టారని మొదటి ట్రిప్పులో నిజంగానే నమ్మారు. ఊళ్ళో సగానికి కొంచెం తక్కువమంది ఆసియా మూలాలవాళ్ళు ఉంటే ఎవరైనా నమ్ముతారు లెండి. సాయంత్రం డెక్ మీద కూచుని ఎయిర్‌పోర్టులో దిగే విమానాలు లెక్కపెట్టేవారు. 2022 దీపావళి రోజున కేరీ వెంకటేశ్వరస్వామి గుడి రాజగోపురం ప్రారంభించినప్పుడు ఇక్కడే ఉన్నారు. అందరూ దండం పెడుతుంటే ఆయన “87 అడుగులకి మెరుపు పట్టుకునే కడ్డీ ఎక్కడ పెట్టారో” అని మెడ ఎత్తి వెతుకుతున్నారు.

2024 వేసవిలో వచ్చినప్పుడు మెట్లెక్కడం కష్టమైంది. మోకాళ్ళు. మా పడక గదులన్నీ పైనే, కింద ఉన్నది ఒక ఆఫీసు గది, స్నానానికి వీల్లేని చిన్న బాత్రూమ్. ఇలాంటి ఇళ్ళు మీలో చాలామందికి ఉన్నాయి కాబట్టి విడమరచి చెప్పక్కర్లేదు. రాత్రి ఒకసారి ఎక్కితే మళ్ళీ పొద్దున్నే దిగేవారు, మధ్యలో మజ్జిగ కావాలన్నా పిల్లల్ని కేకేసేవారు. వెళ్ళేముందు ఒకరోజు గ్రాఫ్ కాగితం తెప్పించుకుని, టేపు పట్టుకుని, కింది ఆఫీసు గదిని పడగ్గదిగా, ఆ చిన్న బాత్రూమ్‌ని గడప లేని షవర్ గదిగా గీసిచ్చారు. తలుపు 36 అంగుళాలు ఉండాలి, రేపు చక్రాల కుర్చీ వచ్చినా పట్టాలి. స్విచ్చి మంచం మీంచి అందాలి. గోడకి పట్టుకునే కడ్డీలు ఎక్కడెక్కడ రావాలో పెన్సిలుతో గోడ మీదే గుర్తులు పెట్టారు. ఆగస్టు చివర్లో ఇద్దర్నీ విమానం ఎక్కించాం. వచ్చే వేసవికి ఆ గదిలోనే దిగుతామన్నారు.

వాళ్ళు దిగిన వారానికే బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. మా చిన్నాన్నగారి ఇల్లు అటే. వాళ్ళందర్నీ తెనాలి తీసుకొచ్చి ఇంట్లో పెట్టుకున్నారు. సెప్టెంబరు 7న వినాయక చవితి అక్కడ 14 మందితో జరిగింది, ఇక్కడ మేం నలుగురం ఫోనులో ఆ పూజ చూస్తూ చేసుకున్నాం. ఆ నెలంతా ఇక్కడ ఇంటిపని. టౌన్ పర్మిట్ వచ్చింది, కాంట్రాక్టరు వచ్చాడు, కింద నేల కాంక్రీటు కొట్టి కొత్త డ్రెయిన్ పైపు వేశారు. ఆ దుమ్ము మూడో మెట్టు దాకా ఉండేది. మరోవైపు డెక్ పలకలు మార్చడం, పెరట్లో గడ్డి విత్తనాలు చల్లడం. మీకు తెలుసుగా, మన ఎర్రమట్టిలో సెప్టెంబరులో చల్లకపోతే మళ్ళీ ఏడాది దాకా బోడి పెరడే.

ఆ నెలాఖరున హెలీన్ తుఫాను వచ్చింది. అక్టోబరులో ఆకుల రంగులు చూద్దామని బ్లూ రిడ్జ్ వైపు గది బుక్ చేసుకున్నాం, ఆ రోడ్డే మూతపడింది. ఆష్‌విల్ చుట్టుపక్కల ఊళ్ళు ఊళ్ళే కొట్టుకుపోయిన రోజుల్లో మా విహారయాత్ర పోయిందని ఏడవడం సిగ్గుచేటు. మావాడు మాత్రం టీవీలో కరెంటు స్తంభాలు నిలబెడుతున్న లైన్‌మెన్‌ని చూసి, హాలోవీన్‌కి తనూ లైన్‌మన్ అవుతానన్నాడు. తాతయ్యకి ఫోను. నడుముకి బెల్టు ఎలా కట్టాలో, కటింగ్ ప్లయరు ఎటువైపు వేలాడాలో ఆయన రోజూ పావుగంట క్లాసు. దసరా అక్టోబరు 12, శనివారం. ఆయుధ పూజకి ఇంట్లో ఉన్న డ్రిల్లు మిషనుకి, టైల్స్ కోసే మిషనుకి కూడా బొట్టు పెట్టించారు. సోమవారం వచ్చిన టైల్స్ అతను ఆ కుంకుమ చూసి తుడవకుండా అలాగే పని చేశాడు.

అక్టోబరు 22, మంగళవారం సాయంత్రం ఏడు గంటలకి మా తమ్ముడు ఫోను చేశాడు. అక్కడ బుధవారం తెల్లవారుజాము నాలుగున్నర. నిద్రలోనే గుండె ఆగింది. వారానికి రెండుసార్లు హైదరాబాదు నుంచి వచ్చిపోయే తమ్ముడు ఆ రాత్రి తెనాలిలోనే ఉన్నాడు. అది మా అదృష్టం.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. పెద్దకొడుకు అమెరికాలో ఉన్నాడు, వచ్చేదాకా ఆపుదాం, ఫ్రీజర్ బాక్సు తెప్పిద్దాం అని బంధువులు అప్పటికే మాట్లాడుకుంటున్నారు. వాళ్ళ ఆలోచన ప్రేమతోనే. కానీ ఆ వేసవిలో డెక్ మీద కూచుని విమానాలు లెక్కపెడుతూ నాన్నగారే ఒక మాట అన్నారు: “నేను పోతే ఆ ఐసు పెట్టెలో పడుకోబెట్టకండ్రా. ఉన్నవాడు చేస్తాడు, రాగలిగినవాడు వస్తాడు.” అమ్మ కూడా విన్నది. అమ్మే బంధువులకి చెప్పింది. పెద్దకొడుకు మనసులో చూడాలని ఉండదా అంటే ఉంటుంది. ఆ మాట ఆయన ముందే చెప్పి ఉండకపోతే ఆ రాత్రి అన్నదమ్ములిద్దరూ ఏదో ఒకటి తేల్చుకోవాల్సి వచ్చేది, తేల్చుకున్నది జీవితాంతం మోయాల్సి వచ్చేది. మీ పెద్దవాళ్ళతో ఈ సంగతి మాట్లాడండి. అశుభం పలకడమని అనుకోకండి. వాళ్ళు మనకంటే తేలిగ్గా మాట్లాడతారు.

మర్నాడు పొద్దున ఆరు గంటల విమానం దొరికింది. న్యూయార్క్, ఢిల్లీ, గన్నవరం. మాలో ఒకరం బయల్దేరాం. ఇంకొకరం పిల్లలతో ఇక్కడే. అమ్మాయికి పదో తరగతి పరీక్షలు, పిల్లల ఓసీఐలో కొత్త పాస్‌పోర్టు వివరాలు ఇంకా ఎక్కించలేదు, నాలుగు టికెట్ల ధర ఆ రాత్రి ఎంతుందో చెప్తే మీరు నమ్మరు. తెనాలిలో మధ్యాహ్నం మూడింటికి దహనం. ఇక్కడ పొద్దున ఐదున్నర. ఎయిర్‌పోర్టు గేటు దగ్గర నిలబడి ఒకరం, కిచెన్ బల్ల దగ్గర పిల్లల్ని చెరోవైపు కూచోబెట్టుకుని ఒకరం, అదే వీడియో చూశాం. పిల్లలకి చూపించాలా వద్దా అని చాలామంది అడిగారు. మావాళ్ళు చూస్తామన్నారు, చూపించాం. చిన్నవాడు మధ్యలో లేచి వెళ్ళిపోయాడు, వెనక్కి పిలవలేదు.

గురువారం రాత్రికి తెనాలి చేరాం, శుక్రవారం సంచయనం అందింది. అగ్గి పెట్టినవాడే పదో రోజు దాకా చెయ్యాలన్నారు అక్కడి పురోహితులు. తమ్ముడు చేస్తుంటే పక్కనే కూచుని తిలోదకాలు వదలడం అన్న పని. అన్నగా అది కొంచెం వింతగానే ఉంది. మూడు రోజులయ్యాక అలవాటైంది.

ఇక్కడ మోరిస్‌విల్‌లో ఆ పది రోజులు ఎలా గడిచాయో చెప్పడానికే అసలు మేం ఒప్పుకున్నాం.

పూజ గది తలుపు మూశాం. వాట్సాప్‌లో ‘ఓం శాంతి’ రెండొందల పైన వచ్చాయి. ఇంటికి వచ్చినవాళ్ళు ఐదుగురు. ఇది నిష్ఠూరం కాదు. ఎందుకు రాలేదో మాకు తెలుసు, వేరే ఇంట్లో ఇదే జరిగితే మేమూ అదే చేసేవాళ్ళమేమో. మైల ఇంటికి వెళ్తే మన ఇంట్లో నవగ్రహ పూజ ఉంది, ఎల్లుండి సత్యనారాయణ వ్రతం ఉంది, కాస్త ఆగి వెళ్దాం. ఆ ఆగడం దీపావళి దాకా, దీపావళి తరవాత కార్తీకం, కార్తీకం తరవాత థాంక్స్‌గివింగ్. తెనాలిలో ఇలా ఉండదు. అక్కడ పెద్దకర్మ దాకా వాకిట్లో కుర్చీలు తియ్యరు. ఎవరో ఒకరు వస్తారు, కూచుంటారు, ఏమీ మాట్లాడరు, కాఫీ అడగరు, “వెళ్ళొస్తాం” అనకుండా లేచి వెళ్ళిపోతారు. మంగళ, శుక్రవారాలు పరామర్శకి వెళ్ళకూడదంటారు, మిగతా ఐదు రోజులూ వెళ్ళమనేగా దానర్థం? ఇంటికెళ్ళి తలస్నానం చేస్తే సరిపోతుంది. ఈ సంగతి మన అందరి అమ్మమ్మలకీ తెలుసు. సముద్రం దాటేసరికి మనకి మైల గుర్తుంది, పరామర్శ మర్చిపోయాం.

మూడో రోజున ఎదురింటి ముసలావిడ వచ్చింది. ఇక్కడ పుట్టి పెరిగిన అమెరికన్. ఈ దక్షిణాది రాష్ట్రాల్లో చావు జరిగిన ఇంటికి వండుకొచ్చి ఇవ్వడం పద్ధతి. చేతిలో పెద్ద గాజు గిన్నె, మాకరోనీ, చీజు. మేం మాంసం తినమని గుర్తుపెట్టుకుని చేసింది. బూట్లు విప్పి నేరుగా లోపలికొచ్చి, మా అమ్మాయి పక్కన కూచుని, “మీ తాతయ్య గురించి చెప్పు” అంది. అమ్మాయి అప్పటిదాకా ఏడవలేదు. ఆ సాయంత్రం గంటసేపు చెప్పింది, ఏడ్చింది, తిన్నది. గిన్నె కడిగి తిరిగి ఇవ్వడానికి వెళ్తే, ఖాళీగా తెచ్చారేమని నవ్వింది. ఆవిడకి కూడా ఒక పద్ధతి ఉంది, ఖాళీ గిన్నె ఇవ్వకూడదని మన అమ్మలు చెప్పేదీ అదే.

వచ్చిన మన ఐదుగురి గురించి కూడా చెప్పాలి. వాళ్ళలో ఒకాయన రోజూ సాయంత్రం పిల్లవాణ్ణి క్రికెట్ ప్రాక్టీసుకి చర్చ్ స్ట్రీట్ పార్కుకి తీసుకెళ్ళి తీసుకొచ్చారు. ఒకావిడ ఉప్పు తక్కువ, పోపు లేని పప్పు, అన్నం డబ్బాలు మూడు పూటలు గుమ్మంలో పెట్టి వెళ్ళింది. పేర్లు చెప్పొద్దన్నారు, చెప్పం. ఇక్కడే ఉన్నారు.

కిందటేడు దీపావళి, హాలోవీన్ ఒకే రోజు వచ్చాయి. అక్టోబరు 31, గురువారం. మాకు తొమ్మిదో రోజు. తెనాలిలో వీధంతా టపాకాయలు, మా ఇల్లు చీకటి. పక్కింటివాళ్ళు పిల్లల్ని కాల్చనివ్వకుండా ఆపారని తెలిసి అమ్మ కబురు పంపింది, “పిల్లల్ని ఆపకండి, ఆయనకి చప్పుడంటే ఇష్టమే” అని. ఇక్కడ మావాడి లైన్‌మన్ బట్టలు, పసుపు హెల్మెట్టు, బెల్టు, ప్లయరు అన్నీ సిద్ధం. హాలోవీన్ పండగా కాదా? మైలలో పండగ చెయ్యకూడదంటే ఇది ఏ లెక్కలోకి వస్తుంది? ఇక్కడ ఇద్దరు ముగ్గుర్ని అడిగితే మూడు రకాలుగా చెప్పారు. చివరికి తెనాలికి ఫోను చేసి అమ్మనే అడిగాం. అమ్మ ఒక నిమిషం ఏమీ అనలేదు. “ఆ బెల్టు కట్టడం నేర్పింది ఆయనేగా. పంపండి. మిఠాయి మాత్రం మన గుమ్మంలో పంచకండి” అంది. ఎదురింటావిడ మనవళ్ళతో కలిసి వెళ్ళాడు. మేం వరండా లైటు ఆర్పేశాం. లైటు లేని ఇంటికి రాకూడదని ఇక్కడి పిల్లలకి తెలుసు. ఆ విషయంలో రెండు సంప్రదాయాలూ ఒక్కటే.

ఆ తరవాత సంగతులు త్వరగా చెప్తాం, కానీ రాసుకోదగ్గవి. చావు నమోదు 21 రోజుల్లోగా చేయించండి, ఆ గడువు దాటితే పని పెరుగుతుంది. సర్టిఫికెట్టు కాపీలు ఎక్కువే తీసుకోండి. పేరు ఆధార్‌లో ఎలా ఉందో, పెన్షను పుస్తకంలో ఎలా ఉందో, ఇంటి పత్రాల్లో ఎలా ఉందో సరిపోల్చుకోండి. మా నాన్నగారి ఇంటిపేరు మూడుచోట్ల మూడు రకాలు. అమ్మకి ఫ్యామిలీ పెన్షను రావడానికి ఆ ఒక్క అక్షరం నాలుగు నెలలు పట్టించింది. అన్నిటికంటే ముఖ్యం, పోయినవారి ఫోను నెంబరు వెంటనే తీసెయ్యకండి. బ్యాంకు ఓటీపీలన్నీ ఆ నెంబరుకే వస్తాయి. మా తమ్ముడు ఆ ఫోను జేబులో పెట్టుకుని తిరిగాడు. రోజూ పొద్దున ఆరింటికి గ్రీన్‌వే జట్టు గ్రూపులో ‘గుడ్ మార్నింగ్’ మోగేది. ఇప్పటికీ మోగుతూనే ఉందట.

వీసా స్టాంపింగు పెండింగులో ఉన్నవాళ్ళకి, మాకు పౌరసత్వం ఉంది కాబట్టి వెళ్ళిరావడం తేలికైంది. మీకు అలా కాకపోవచ్చు. వెళ్తే తిరిగి ఎప్పుడొస్తారో తెలియని పరిస్థితిలో ఉండి వెళ్ళలేకపోయిన కుటుంబాలు మన మధ్య ఉన్నాయి. వాళ్ళు ఇక్కడే మన పురోహితుల సాయంతో తిలోదకాలు వదిలారు. “వెళ్ళలేదా?” అని వాళ్ళని అడగకండి. ఆ ప్రశ్న ఎన్నిసార్లు విన్నారో.

నవంబరు 5, నాగుల చవితి రోజున మోరిస్‌విల్ తిరుగు ప్రయాణం. ఇక్కడ అధ్యక్ష ఎన్నికలు, ఎయిర్‌పోర్టులో ప్రతి టీవీ ముందూ జనం. ఇంటికొస్తే కింది గది అలాగే ఉంది. పైపులు వేసి, ఇన్‌స్పెక్షన్ అయి, గోడలకి షీట్‌రాక్ కొట్టకుండా ఆగిపోయింది. కాంట్రాక్టరు పాపం ఫోను చెయ్యడానికి కూడా మొహమాటపడ్డాడు.

ఏడాది లోపు ఇల్లు కట్టకూడదు, కొత్త పని మొదలుపెట్టకూడదు అని మన పెద్దల మాట. ఇక్కడ రాష్ట్ర చట్టం ఏమంటుందంటే, మొదలుపెట్టిన పని 12 నెలలు ఆపితే పర్మిటు చెల్లదు. ఏటిసూతకానికీ సంవత్సరమే, పర్మిటుకీ సంవత్సరమే! పురోహితుల్ని అడిగాం. ఆయన నవ్వి, మొదలైన పని ముగించడానికి దోషం లేదు, ఇది గృహప్రవేశం కాదు, మరమ్మత్తు అన్నారు. అయినా మాకు చేతులు రాలేదు. ఎవరి కోసం ముగించాలి? డిసెంబరు, జనవరి ఆ తలుపు తియ్యలేదు. మాసికం రోజున వంటకి కింద చోటు చాలకపోయినా ఆ గది వాడలేదు.

ఫిబ్రవరిలో అమ్మ ఫోనులో అడిగింది, “ఆ గది ఏం చేశారు?” అని. ఇంకా ఏమీ లేదంటే, “ఆయన గీసిన కాగితం ఉంచారా, పారేశారా?” అంది. ఆ రాత్రి తలుపు తీసి, కాగితం పట్టుకుని గోడ మీద పెన్సిలు గుర్తులు చూశాం. కడ్డీ గుర్తు నేల నుంచి 33 అంగుళాలు. నాన్నగారు ఆరడుగుల మనిషి. ఆయన చేతికి అది తుంటి కిందికి వస్తుంది. గ్రాఫ్ కాగితం మీద స్విచ్చి ఎత్తు, అల్మరా ఎత్తు, షవర్‌లో కూచునే బల్ల ఎత్తు, అన్నీ చూస్తే ఆయనకి ఒక్కటీ సరిపడదు. అమ్మ నాలుగడుగుల పది అంగుళాలు. మూలన చిన్న అక్షరాలతో అమ్మ పేరు, పక్కన ఆవిడ మోచేతి ఎత్తు రాసి ఉంది. మోకాళ్ళ నొప్పి ఆయనది, గది అమ్మది.

మర్నాడే కాంట్రాక్టరుకి ఫోను చేశాం. మార్చి నెలాఖరుకి పని అయింది, చివరి ఇన్‌స్పెక్షనూ అయింది. కడ్డీలు 33 అంగుళాల దగ్గరే బిగించారు.

ఇక ఆ ఏడాదంతా గుడి మాట. పన్నెండో రోజు శుద్ధి అయ్యాక మేం హిందూ భవన్‌కి వచ్చాం. అర్చనలు చేయించలేదు, పీటల మీద కూచోలేదు, శుభకార్యాలకి వెళ్ళలేదు. పిల్లల తెలుగు క్లాసు మాత్రం ఒక్కవారం కూడా మానిపించలేదు. ఇది తప్పని ఒకరిద్దరు పెద్దలు అన్నారు, వాళ్ళ ఇంటి ఆచారం అది. మా అభిప్రాయం ఏమిటంటే, పెద్దవాళ్ళు దుఃఖం కోసం కొన్ని వదులుకోవచ్చు, పదేళ్ళవాడికి ఏడాదంటే వాడి బతుకులో పదోవంతు. సంక్రాంతికి ముగ్గు లేదు, ఉగాదికి పచ్చడి పక్కింటివాళ్ళు ఇచ్చింది తిన్నాం. పుట్టినరోజుకి మాత్రం కేకు కోశాం. అమ్మాయి ఒకరోజు, “పండగలు లేకపోతే ఎవరూ రారు, అదే బాధ” అంది. ఆ మాట మీద మేం చాలా ఆలోచించాం. పండగ లేకపోవడం నియమం. మనుషులు రాకపోవడం నియమం కాదు కదా.

ఈ అక్టోబరు రెండో వారంలో నలుగురం తెనాలి వెళ్ళి సంవత్సరీకం పెట్టుకుని, అమ్మని తీసుకుని వచ్చాం. అదిగో, మూడో వరసలో స్తంభం పక్కన కూచుంది, ఇదంతా ఎందుకు చెప్తున్నారని చూస్తోంది. దీపావళికి గుమ్మంలో దీపాలు పెట్టింది. రెండో రోజే గ్రీన్‌వే తాతయ్యల జట్టు ఇంటికి వచ్చి ముందు గదిలో వరసగా కూచున్నారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒకాయన లేచి ఆ కింది గదిలోకి వెళ్ళి, కడ్డీ పట్టుకుని లాగి చూసి, “గట్టిగానే బిగించారు” అని వచ్చి కూచున్నారు. వెళ్ళేటప్పుడు ఎవరూ వెళ్ళొస్తాం అనలేదు.

అమ్మ ఏప్రిల్ దాకా ఉంటుంది. మధ్యాహ్నం మూడు తరవాత ఇంట్లోనే. కొత్తగా వచ్చిన పెద్దవాళ్ళు, ఇక్కడ తోచని అమ్మలు, అత్తగార్లు ఎవరైనా రావచ్చు. మెట్లెక్కక్కర్లేదు.

ఇంకొక్క మాట. సంవత్సరీకం నుంచి వచ్చాక మేం మడత కుర్చీలు 12, ఒక పెద్ద కాఫీ ఫ్లాస్కు కొన్నాం. గరాజ్‌లో ఉన్నాయి. మనలో ఎవరింట్లోనైనా ఇలాంటి కబురు వచ్చిన రోజున ఒక్క ఫోను చెయ్యండి, మీ బంధువులు కాకపోయినా చెయ్యండి. కుర్చీలు మేమే తెచ్చి వాకిట్లో వేస్తాం. పన్నెండో రోజున మేమే వచ్చి తీసుకెళ్తాం. మధ్యలో వచ్చి కూచునేవాళ్ళు కావాలి. ఆ పేర్ల కోసం బయట బల్ల మీద ఒక నోటుపుస్తకం పెట్టాం, పెన్ను కూడా ఉంది. భోజనానికి వెళ్ళేముందు చూడండి.